ఫ్యాక్టరీ తూటా మీ రైఫిల్‌కు నప్పుతుందా? .22 లాట్ పరీక్ష, మొదటి నుంచి చివరి దాకా

అదే కంపెనీ, అదే పేరు, అదే రంగు పెట్టె. నిరుడు కొన్న తూటాలు పది మీద పది కొట్టాయి. ఈ ఏడాదివి తొమ్మిదిలోకి జారుతున్నాయి. ఇలాంటప్పుడు తప్పు మన మీదే వేసుకుంటాం: ఊపిరి సరిగా బిగబట్టలేదు, ట్రిగ్గర్ గుంజాను, మోచేతి కింద చాప కదిలింది. నేనూ ఒక సీజన్‌లో రెండు నెలలు అలాగే మథనపడ్డాను. ఒకరోజు పాత పెట్టె, కొత్త పెట్టె పక్కపక్కన పెట్టి మూత అంచు చదివితే లాట్ నంబర్లు, అంటే తయారీ విడత నంబర్లు, వేరు. ఆ రోజు నుంచి తూటాలను పరీక్షించకుండా పోటీకి తీసుకెళ్లలేదు.

ఈ వ్యాసం .22 లాంగ్ రైఫిల్ తూటాతో 50 మీటర్ల పోటీలు ఆడేవాళ్ల కోసం. పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచిన మూడు భంగిమల పోటీ ఈ తూటాతో ఆడేదే. లండన్‌లో ఎయిర్ రైఫిల్ పతకం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ కూడా 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీలో, ఒలింపిక్స్ ఆడారు. ఆ స్థాయి షూటర్లు తూటాల ఎంపిక కోసం విదేశాలకు వెళ్తారు. లాపువా కంపెనీకి జర్మనీలోని షోనెబెక్‌లో ఒక పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ రైఫిల్ బ్యారెల్‌ను ఇనుప పట్టులో బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, ఆ రైఫిల్‌కు ఏది నప్పిందో చూసి దాన్నే మూటగట్టి ఇస్తారు. ఇంగ్లండ్‌లో ఈలీ కంపెనీదీ అదే పద్ధతి. మనకు ఆ ప్రయాణం కుదరకపోవచ్చు. నాలుగు పెట్టెలు, ఒక ఉదయం, కాస్త ఓపిక ఉంటే అందులో ముఖ్యమైన భాగం మన రేంజిలోనే చేసుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే

పెద్ద క్యాలిబర్ రైఫిళ్ల వాళ్లకు చాలా దేశాల్లో ఒక వెసులుబాటు ఉంది. ఖాళీ ఇత్తడి గొట్టాన్ని మళ్లీ నింపుకొని, తుపాకి మందు పాళ్లు తమ రైఫిల్‌కు తగ్గట్టు సవరించుకుంటారు. 1887లో పుట్టిన మన .22కు ఆ యోగం లేదు. నిప్పు పుట్టించే రసాయనం గొట్టం అడుగు అంచు లోపల ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కి పేలుస్తుంది. నొక్కుపడిన అంచు ఇక దేనికీ పనికిరాదు. అంటే ఫ్యాక్టరీ ఇచ్చినదే ప్రసాదం. మన చేతిలో ఉన్నదల్లా ఏ లాట్ తీసుకోవాలన్న నిర్ణయం ఒక్కటే.

లాట్ అంటే ఒక తయారీ విడత. సీసం, ఇత్తడి, మందు, అంచులోని రసాయనం, తూటా కొసన ఉండి టార్గెట్ వైపు ఎగిరే గుండు మీద పూసే మైనం... ఇవన్నీ ఒక విడతకూ ఇంకో విడతకూ వెంట్రుకవాసి మారతాయి. ఆ వెంట్రుకవాసి తేడా ఒక బ్యారెల్‌కు పట్టదు, ఇంకో బ్యారెల్‌కు సరిపడదు. మీ మిత్రుడి రైఫిల్‌లో బంగారంలా పనిచేసిన లాట్ మీ రైఫిల్‌లో ఇత్తడి కావచ్చు. అందుకే ఎవరి పరీక్ష వాళ్లదే.

ఈలీ మ్యాచ్ (పోటీ) తూటాల పెట్టె మీద లాట్ నంబరు పక్కనే ఆ లాట్ వేగం కూడా ముద్రించి ఉంటుంది, సెకనుకు అడుగుల్లో. 1065 అని ఉంటే దాదాపు 325 మీటర్లు. అది వాళ్ల పరీక్షా బ్యారెల్‌లో వచ్చిన సగటు. మీ బ్యారెల్‌లో అదే రావాలని లేదు.

ముందు టార్గెట్ లెక్క

50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. గుండు వ్యాసం 5.6. గుండు అంచు వలయాన్ని తాకినా పదే కాబట్టి, చిల్లు మధ్యబిందువు టార్గెట్ కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు. దశాంశ లెక్కలో ఆ 8 మిల్లీమీటర్లను పది మెట్లుగా కోస్తారు. అంటే ప్రతి 0.8 మిల్లీమీటర్లకు 0.1 పాయింటు పోతుంది.

ఇప్పుడు వేగం సంగతి. సెకనుకు 327 మీటర్లతో బయలుదేరిన గుండు 50 మీటర్లు చేరడానికి దాదాపు 0.16 సెకను పడుతుంది. ఆ లోపల భూమి దాన్ని సుమారు 12 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. వేగం ఒక శాతం తగ్గితే, అంటే సెకనుకు మూడు మీటర్లకు పైచిలుకు, గుండు ఇంకో రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. దశాంశాల్లో మూడు మెట్లు. ఒక లాట్‌లో అన్నిటికంటే వేగమైన తూటాకూ నిదానమైన తూటాకూ 12 మీటర్ల తేడా ఉందనుకోండి, మీ చేతి తప్పేమీ లేకుండానే తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది.

గాలి మాటా చెప్పుకోవాలి. సెకనుకు ఒక్క మీటరు వేగంతో పక్క నుంచి వీచే గాలి, ముఖానికి తగిలీ తగలనట్టుండే గాలి, ఇదే గుండును ఆరు మిల్లీమీటర్ల దాకా పక్కకు నెడుతుంది. పరీక్ష రోజున గాలిని లెక్కచేయకపోతే మీరు పరీక్షించేది గాలినే.

సరంజామా

నాలుగు లాట్లు, లాట్‌కు ఒక పెట్టె. పెట్టెకు 50 తూటాలు ఉంటాయి కాబట్టి పది బ్యారెల్‌ను సిద్ధం చేయడానికి, నలభై లెక్కకు. ముందు వైపు గట్టి స్టాండు, వెనక ఇసుక సంచీ. కాగితం టార్గెట్లు, దళసరి అట్టలు, వెర్నియర్ కాలిపర్స్, గాలి తెలియడానికి దారి మధ్యలో రెండు మూడు గుడ్డ పేలికలు. ఒక నోటు పుస్తకం. వీలైతే ఒక స్నేహితుడు. ఆయన ఎందుకో తర్వాత చెబుతాను.

పరీక్ష లైసెన్సు ఉన్న రేంజిలోనే చేయాలి, రేంజ్ అధికారికి ముందే చెప్పాలి. మీ లైసెన్సులో ఏడాదికి ఎన్ని తూటాలని రాసి ఉందో చూసుకుని, పరీక్షకు ఖర్చయ్యే రెండు వందలు అందులోంచే పోతాయని గుర్తుంచుకోండి.

వేగం కొలిచే పరికరాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. పాతది, చవకైనది కాంతి సెన్సర్లది: గుండు నీడ మొదటి కన్ను దాటిన క్షణం నుంచి రెండో కన్ను దాటిన క్షణం దాకా ఎంతసేపో లెక్కించి వేగం చెబుతుంది. రెండోది బ్యారెల్ మూతికి పట్టీతో కట్టే అయస్కాంత రకం. మూడోది పక్కన పెట్టుకునే చిన్న రాడార్. గార్మిన్ 2023లో అరచేతిలో ఇమిడే రాడార్ తెచ్చిన తర్వాత ఈ పని చాలా సుఖమైంది. బల్ల మీద పెట్టి, టార్గెట్ వైపు తిప్పి, వదిలేయడమే.

మొదటి మెట్టు: రైఫిల్‌ను ఒక స్థితికి తేవడం

యాక్షన్‌ను (తూటాను పేల్చే లోహ భాగం) స్టాక్‌కు (భుజానికి ఆనించుకునే భాగం) పట్టి ఉంచే మరలు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మీ మామూలు బిగువుకే బిగించండి. సైట్ మరలు చూడండి. బ్యారెల్ తుడిచి ఉంటే మొదటి తూటాలు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. .22 మ్యాచ్ గుండుకు పైన ఇత్తడి, రాగి తొడుగు ఉండదు, ఒంటి మీద మైనం పూత ఉంటుంది. పెట్టెలోంచి రెండు తూటాలు తీయగానే వేళ్ల కొసలు జిడ్డుగా అవుతాయి, అదే. ఆ మైనం బ్యారెల్ లోపల పలచగా, సమంగా పరుచుకున్నాకే గుండ్లు ఒక దారిన పోతాయి. కంపెనీ కంపెనీకి మైనం వేరు. కాబట్టి లాట్ మార్చినప్పుడల్లా ముందు పది తూటాలు లెక్కలోకి రాకుండా కాల్చండి. కంపెనీయే మారితే ఆ పదీ తక్కువే. అప్పుడు పదిహేను, ఇరవై వెచ్చించడం మంచిది, ఆ మేరకు రెండో పెట్టె తెచ్చుకోండి.

రెండో మెట్టు: వేగం

వేగం, గురి ఒకేసారి కొలవాలని అందరికీ అనిపిస్తుంది. రాడార్ ఉంటే కొలవండి, అది రైఫిల్‌ను తాకదు. బ్యారెల్‌కు కట్టే రకమైతే మాత్రం వద్దు. మూతికి కొద్దిపాటి బరువు తగిలించినా బ్యారెల్ కంపించే తీరు మారుతుంది, గుండ్లు పడే చోటూ మారుతుంది. ఆ పరికరంతో వేగం విడిగా కొలిచి, విప్పేసి, అప్పుడు గురికి దిగండి.

కాంతి సెన్సర్ల రకాన్ని మూతికి మూడు మీటర్ల ముందు, గుండు దారికి సమాంతరంగా నిలపాలి. రేంజిలో ట్యూబులైట్లు గానీ ఎల్‌ఈడీలు గానీ ఉంటే జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి. కంటికి కనబడదు గానీ సెన్సర్‌కు కనబడుతుంది. తొంభైల్లో ఒకటి, నాలుగు వందల్లో ఒకటి వేగం వస్తుంటే తూటాను తిట్టకండి, దీపం ఆర్పి చూడండి. దాన్ని సర్దడానికి ముందుకు వెళ్లాలంటే బోల్ట్ (బ్యారెల్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) తెరిచి, చాంబర్‌లో (తూటా కూర్చునే గది) రంగు జెండా పెట్టి, అధికారి అనుమతి ఇచ్చాకే కదలాలి. మూడు మీటర్ల దూరంలో కొలిచిన వేగం మూతి దగ్గరి వేగం కంటే ఒకటి రెండు మీటర్లు తక్కువ ఉంటుంది. లాట్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది అడ్డం కాదు.

తూటాను చాంబర్‌లో పెట్టి ఫోను చూసుకుంటూ కూర్చోవద్దు. వరుసగా కాల్చిన బ్యారెల్ వేడిగా ఉంటుంది, మందు వేడెక్కితే వేగం మారుతుంది, మైనం మెత్తబడుతుంది. పెట్టాక ఒకే లయలో కాల్చండి.

కాల్చినప్పుడు మామూలు చప్పుడుకు బదులు నీరసంగా టుప్పుమని, వేగం బాగా తక్కువ చూపిస్తే వెంటనే ఆపండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. తూటా తీసేసి, బోల్ట్ విప్పి, వెనక నుంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడకుండా ఇంకోటి పెట్టకూడదు. అసలే పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి, అప్పుడు బోల్ట్ తెరవాలి.

ఒక లాట్‌కు పది రీడింగులు ఇలా వచ్చాయని అనుకుందాం: 326, 329, 324, 328, 327, 331, 325, 328, 326, 327. సగటు 327.1. పెద్దదానికీ చిన్నదానికీ తేడా, బడిలో వ్యాప్తి అని నేర్చుకున్నది, 7. ప్రామాణిక విచలనం, అంటే రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత, 2.0. ముచ్చటగా ఉంది. కానీ పది తూటాలతో వచ్చిన ఆ 2.0 అసలు విలువ 1.4 నుంచి 3.7 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని గణాంకశాస్త్రం చెబుతుంది. కాబట్టి ఒక లాట్‌కు 2.0, ఇంకో లాట్‌కు 2.6 వస్తే మొదటిది మెరుగని తీర్పు చెప్పడానికి లేదు. నలభై తూటాలూ కొలిస్తే ఆ అనిశ్చితి చాలా తగ్గుతుంది. వ్యాప్తిని చూసి మురిసిపోవడం ఇంకా ప్రమాదం: ఎన్ని ఎక్కువ కాలిస్తే అది అంత పెరుగుతుంది. ఒకరి అయిదు తూటాల వ్యాప్తితో మరొకరి ఇరవై తూటాల వ్యాప్తిని పోల్చడం అన్యాయం.

మూడో మెట్టు: గురి

పొద్దున్నే మొదలుపెట్టండి. హైదరాబాద్ వేసవిలో ఏడింటికి పేలికలు నిటారుగా వేలాడుతుంటాయి, తొమ్మిదిన్నరకు ఎగరడం మొదలవుతుంది. ఆ రెండున్నర గంటలే మనవి.

స్టాండు మీద రైఫిల్ ఆనే చోటును స్టాక్ కింద సుద్దముక్కతో గీత గీసి గుర్తుపెట్టండి. ప్రతి తూటాకూ అదే గీత స్టాండు అంచుకు రావాలి. భుజం ఒత్తిడి ఒకేలా ఉండాలి. సైట్లు ముట్టుకోవద్దు. గుండ్లు మధ్యలో పడక ఎడమ పైన పడుతున్నా సరే, మనకు కావలసింది మధ్య కాదు, గుంపు. చిన్న గుంపును రేపు సైట్ మరను రెండు క్లిక్కులు తిప్పి మధ్యకు తెచ్చుకోవచ్చు. చెల్లాచెదురైనదాన్ని ఏ క్లిక్కూ దగ్గరికి చేర్చదు.

టార్గెట్ వెనక ఒక దళసరి అట్ట బిగించండి. పది తూటాలకోసారి ముందు కాగితం మార్చండి, వెనక అట్ట మాత్రం ఒక్కో లాట్‌కు చివరిదాకా ఒకటే, ఆ లాట్ వంతు మళ్లీ వచ్చినప్పుడు దాన్నే అదే చోట బిగించండి. కాగితమైనా అట్టయినా సరిగ్గా పాత చోటే పడేలా ఫ్రేముకు రెండు మేకులు కొట్టుకుంటే చాలు. చివరికి మీ చేతిలో నాలుగు విడి గుంపులూ, నలభై చిల్లులూ ఒకే చోట చూపే ఒక అట్టా మిగులుతాయి. విదేశీ కేంద్రాల్లో కంప్యూటర్ తెర మీద చూపేది ఇదే. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్న రేంజి అయితే ప్రతి గుండు పడిన చోటు అంకెల్లో దొరుకుతుంది, అట్టతో పనిలేదు.

లాట్ల వరుస గురించి ఒక మాట. మొదటి లాట్ చల్లని గాలిలేని వేళ, చివరి లాట్ ఎండ ఎక్కి మీరు అలసిన వేళ కాలిస్తే, గెలిచేది మొదటి లాట్ కాదు, ఏడు గంటల వేళ. కాబట్టి ఒక్కో లాట్ ఇరవై చొప్పున ఒకటి, రెండు, మూడు, నాలుగు వరుసలో కాల్చి, మళ్లీ నాలుగు, మూడు, రెండు, ఒకటిగా వెనక్కి రండి. బ్యారెల్ సిద్ధం చేసే పదినీ అయిదయిదుగా పంచుకోవచ్చు, లాట్లన్నీ ఒకే కంపెనీవైతేనే.

స్నేహితుడి అవసరం ఇక్కడ వస్తుంది. ఆయన పెట్టెల మీద పేరు కనబడకుండా తూటాలను అచ్చుల పళ్లెంలో పేర్చి ఇస్తే, ఏది ఖరీదైనదో మీకు తెలియదు. ఖరీదైన తూటా అని తెలిస్తే మనిషి మరింత శ్రద్ధగా కాలుస్తాడు, ఎంత వద్దనుకున్నా. ఒకసారి ఇలా పేరు తెలియకుండా కాల్చినప్పుడు నేను మొదటి స్థానం ఇచ్చింది ధరల వరుసలో మూడో తూటాకు.

ఒక చిల్లు గుంపుకు దూరంగా పడితే ఏం చేయాలి? ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో, స్కోపులో చూడకముందే, 'ఇది నా తప్పు' అని పైకి అన్నారా? అంటే కొట్టివేయవచ్చు. చూశాక అన్నారా, అయితే అది లాట్ ఖాతాలోకే.

కొలవడం, తీర్పు

గుంపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య దూరం కాలిపర్స్‌తో కొలిచి, ఒంటరి చిల్లు వ్యాసం తీసేస్తే మధ్యబిందువుల మధ్య దూరం వస్తుంది. చిల్లు వ్యాసం 5.6 అని గుడ్డిగా వేయవద్దు. కాగితం చిరిగి ముడుచుకోవడం వల్ల అది కాస్త చిన్నగా ఉంటుంది, మీ కాగితం మీదే కొలవండి.

ఈ కొలత రెండే రెండు చిల్లుల మీద ఆధారపడుతుంది, మిగిలిన ఎనిమిదింటి గోడు అది వినదు. అందుకని గుంపు మధ్య నుంచి ప్రతి చిల్లుకూ ఉన్న దూరాల సగటు కూడా లెక్కించండి. శ్రమే. ఫోనులో ఫొటో తీసి ఈ లెక్క చేసే యాప్‌లు ఉన్నాయి, వాడుకోండి.

అయిదు తూటాల గుంపు మాయ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఒకప్పుడు ఒక లాట్ నుంచి అయిదేసి తూటాల గుంపులు నాలుగు కాల్చాను. వాటిలో ఒకటి చింతగింజ పట్టేంత ఒకే చిల్లు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అదే రోజు పది పెట్టెలు కొన్నాను. తర్వాతి వారం అవే తూటాలు రెండు చింతగింజలంత పరుచుకున్నాయి. తూటా నన్ను మోసం చేయలేదు, అయిదు తూటాలు చెప్పగలిగినంతే చెప్పాయి. అదే తూటాతో, అదే రైఫిల్‌తో పది కాలిస్తే గుంపు సగటున అయిదు తూటాల గుంపుకు ఒకటింపావు వంతు ఉంటుంది. దానికి తోడు నేను కొన్నది నాలుగు గుంపుల్లో అతి చిన్నదాన్ని చూసి. పోల్చవలసింది నాలుగు గుంపుల సగటును, ఆపైన అట్ట మీది నలభైని.

ఇక వేగం పట్టికనూ అట్టనూ పక్కపక్కన పెట్టండి. వేగం బాగా నిలకడగా ఉన్న లాట్ కాగితం మీద ఓడిపోవడం చూస్తారు. ఆశ్చర్యం అక్కరలేదు. క్రోనోగ్రాఫ్ గుండు ఎంత వేగంగా పోయిందో చెబుతుంది, గుండు అడుగు సొట్టపోయిందా, మీ చాంబర్‌లో సరిగా కూర్చుందా అన్నది దానికి తెలియదు. ఇంకో విచిత్రం ఉంది. కాల్చినప్పుడు బ్యారెల్ మూతి కిందికీ పైకీ ఊగుతుంది. నిదానమైన గుండు కాస్త ఆలస్యంగా బయటికి వస్తుంది. ఆ క్షణానికి మూతి పైకి లేస్తూ ఉంటే, గుండు కొంచెం ఎత్తుగా బయలుదేరి, దిగవలసిన దూరాన్ని అక్కడే పూడ్చుకుంటుంది. అందుకే కాస్త ఎగుడుదిగుడు వేగాలున్న లాట్ కూడా కొన్ని రైఫిళ్లలో గుండ్రని చిన్న గుంపు ఇస్తుంది.

మరి వేగం కొలవడం దండగా? కాదు. అట్ట మీద గుంపు నిలువుగా సాగి ఉంటే, వేగం పట్టికలోనూ చెదురు ఉంటే, నేరం తూటాది. గుంపు నిలువుగా ఉండి వేగం నిలకడగా ఉంటే మీ స్టాండు ఒత్తిడినీ ఊపిరినీ అనుమానించండి. అడ్డంగా సాగితే గాలినో ట్రిగ్గర్ వేలినో. గెలిచిన లాట్‌ను కాగితం నిర్ణయిస్తుంది, ఓడిన లాట్ ఎందుకు ఓడిందో వేగం వివరిస్తుంది. రెండు లాట్లు కాగితం మీద సమానంగా వస్తే, అప్పుడు వేగం నిలకడగా ఉన్నదాన్ని తీసుకుంటాను.

ఎక్కువ వేగముంటే గాలికి తక్కువ కదులుతుందని హై వెలాసిటీ తూటాల వైపు చూసేవాళ్లున్నారు. .22లో అది తలకిందులు. గాలి ఎంత నెడుతుందన్నది గుండు దారిలో ఎంత వేగం పోగొట్టుకుంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. ధ్వని వేగాన్ని మించి బయలుదేరిన మొద్దుముక్కు గుండు ఆ వేగాన్ని చాలా త్వరగా పోగొట్టుకుంటుంది. మ్యాచ్ తూటాలన్నీ ధ్వని కంటే తక్కువ వేగంతో తయారుచేయడానికి ఇదొక కారణం.

తీర్పు అయ్యాక

నచ్చిన లాట్ దొరికితే అదే వారం కొనండి, స్టాకులో అదే నంబరు మళ్లీ ఉంటుందన్న హామీ లేదు. ఇంటికి తెచ్చాక కారు డిక్కీలో వదలవద్దు. ఏప్రిల్ ఎండలో డిక్కీలో మైనం కరిగి గుండు అడుగుకు జారిన పెట్టెను ఒకసారి తెరిచి చూశాను, చేసిన పరీక్ష అంతా దానితోపాటే కరిగిపోయింది. సొంత పెట్టెలోనే, చల్లని, తడిలేని, తాళం ఉన్న బీరువాలో ఉంచండి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని గానీ టిఫిన్‌కు కూర్చోవద్దు.

నోటు పుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, లాట్ నంబరు, సగటు వేగం, విచలనం, నాలుగు గుంపులు, అట్ట కొలత రాసి, అట్టను అదే పేజీకి క్లిప్పు పెట్టండి. ఎండాకాలంలో గెలిచిన లాట్‌ను డిసెంబరులో చలి ఉదయం ఇంకో ఇరవై తూటాలతో సరిచూడండి. మైనం చలికి గట్టిపడుతుంది, సగటు వేగం మారితే సైట్ రెండు క్లిక్కులు అడుగుతుంది.

చివరగా, గెలిచిన లాట్‌లో రెండు పెట్టెలు విప్పకుండా దాచండి. వచ్చే ఏడాది కొత్త లాట్లు పరీక్షించే ఉదయాన వాటిలో ఒకదాన్ని కూడా వరుసలో కూర్చోబెట్టండి. పాత లాట్ ఆ రోజు కూడా పాత గుంపే ఇస్తే, గాలీ రైఫిలూ మీరూ బాగున్నట్టు, కొత్త లాట్ల ఫలితాలు నమ్మవచ్చు. అది కూడా చెదిరితే ఆ రోజుకు పరీక్ష ఆపి, రైఫిల్ మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని, ఇంకో ఉదయం రండి.